క్లిమెంట్ తిమిర్యాజెవ్

క్లిమెంట్ అర్కాద్యెవిచ్ తిమిర్యాజెవ్ (జూన్ 3, 1843 - ఏప్రిల్ 28, 1920) ప్రసిద్ధ రష్యన్ వృక్షశాస్త్రవేత్త, అధ్యాపకుడు, జనరంజక విజ్ఞాన రచయిత. సూర్యకాంతిలోని రంగులలో ఏది మొక్కల పోషణకు ఎక్కువగా తోడ్పడుతుందనే ప్రశ్నకు ప్రయోగపూర్వకంగా సమాధానము చెప్పినవారిలో ఈయన ముఖ్యుడు. పసుపు రంగు కాంతిలోనే మొక్కలు అత్యధికంగా ఆహారము తయారుచేసుకుంటాయని ఆనాటి యూరప్ శాస్త్రజ్ఞులలో ఎక్కువమంది నమ్మేవారు. అది ప్రయోగములోని లోపము వలన కలిగిన భ్రమ అనీ, పత్రహరితము ఎక్కువగా పీల్చుకునే ఎరుపు కాంతిలోనే కిరణజన్య సంయోగక్రియ అత్యధికంగా జరుగుతుందనీ ఈయన నిరూపించాడు. రష్యాలో డార్విన్ పరిణామ సిద్ధాంతాన్ని ప్రచారము చేసిన వారిలోను ఈయన అగ్రగణ్యుడు.

బాల్యము, విద్యాభ్యాసము

తిమిర్యాజెవ్ రష్యా సామ్రాజ్యపు రాజధాని సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరములో జన్మించాడు. అప్పటి రష్యాలో వాడుకలో ఉన్న పాత పంచాంగము ప్రకారము ఆ తేదీ మే 22. తండ్రి అర్కాది సెమ్యోనొవిచ్ సుంకముల శాఖలో ఉన్నతోద్యోగి. ఆయన ఉదార భావాలు కలవాడు, రాచరికమంటే సుముఖత లేనివాడు. తల్లి అడెలైడా వంశములో ఆంగ్ల మూలాలు ఉన్నాయి. ఈయన ప్రాథమిక విద్య అంతా ఇంటివద్దనే జరిగింది. చిన్ననాడే పలు యూరప్ భాషలు అలవడినందున తరువాతి కాలములో అనువాదాల ద్వారా కొంత సంపాదించుకోగలిగాడు. ఆ భాషాజ్ఞానమే విదేశీ శాస్త్రజ్ఞులతో నేరుగా వాదప్రతివాదాలు చేయడానికి కూడా ఉపకరించింది.

1860ల ఆరంభములో సెయింట్ పీటర్స్‌బర్గ్ విశ్వవిద్యాలయములో చేరి, ప్రకృతి శాస్త్రాల విభాగానికి మారాడు. అక్కడ వృక్షశాస్త్రవేత్త ఆంద్రేయ్ బెకెతోవ్, రసాయన శాస్త్రవేత్త ద్మిత్రి మెండలీవ్ ఈయనకు గురువులు. ఆ రోజులలో విద్యార్థుల అలజడులు చెలరేగాయి. ఇకమీదట అలజడులలో పాల్గొనబోమని విద్యార్థులు హామీపత్రముపై సంతకము చేయాలని ప్రభుత్వము నిర్బంధించింది. తిమిర్యాజెవ్ సంతకానికి నిరాకరించి 1862లో విశ్వవిద్యాలయము నుండి బహిష్కరించబడ్డాడు. తరువాత నమోదైన విద్యార్థిగా కాక, పాఠాలు వినడానికి అనుమతి పొందిన వ్యక్తిగా చదువు కొనసాగించాడు. 1866లో పట్టాతో పాటు, లివర్‌వర్ట్ జాతి మొక్కలపై వ్రాసిన వ్యాసానికి బంగారు పతకము కూడా పొందాడు. విద్యార్థి దశలోనే డార్విన్ సిద్ధాంతాన్ని వివరిస్తూ పత్రికలో వ్రాసిన వ్యాసాలు 1865లో పుస్తకరూపములో వెలువడ్డాయి.

పరిశోధనలకు నాంది

1867లో మెండలీవ్ పర్యవేక్షణలో సింబిర్స్క్ ప్రాంతములోని ప్రయోగ క్షేత్రములో ఖనిజ ఎరువులు పంట దిగుబడిపై చూపే ప్రభావాన్ని తిమిర్యాజెవ్ పరిశీలించాడు. ఆకులు గాలి నుండి కార్బన్ డయాక్సైడును తీసుకొనే విధానాన్ని గూర్చిన తొలి ప్రయోగాలు కూడా అక్కడే చేసాడు. వాటి కోసము తానే తయారుచేసుకున్న పరికరాన్ని మరుసటి సంవత్సరము రష్యా ప్రకృతి శాస్త్రజ్ఞుల, వైద్యుల మొదటి మహాసభలో వివరించాడు. అనంతర కాలములో ఆయన చేసిన కృషి అంతటికీ ఈ పరికరమే నాంది అని చెప్పవచ్చు.

1868లో ఉన్నత శిక్షణ కొరకు ప్రభుత్వము ఈయనను విదేశాలకు పంపింది. జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో బున్సెన్, కిర్హోఫ్, హెల్మ్‌హోల్ట్స్‌ల వద్ద, పారిస్‌లో బుసెంగో, బెర్తెలో, క్లాడ్ బెర్నార్డ్‌ల వద్ద అధ్యయనము చేసాడు. వీరిలో బున్సెన్, కిర్హోఫ్ వర్ణపట విశ్లేషణకు ఆద్యులు. హెల్మ్‌హోల్ట్స్ శక్తి నిత్యత్వ నియమాన్ని ప్రతిపాదించిన వారిలో ఒకడు. బుసెంగో మొక్కల పోషణను తూనికలతోను, వాయు విశ్లేషణతోను కొలిచిన శాస్త్రజ్ఞుడు. ఈ మూడు మార్గాలనూ కలిపి ఆకుపచ్చని ఆకుకు అన్వయించడమే తిమిర్యాజెవ్ ప్రత్యేకత.

ఆనాటి వివాదము

మొక్కలోని ఆకుపచ్చని భాగాలు వెలుతురులోనే ప్రాణవాయువును వదులుతాయని 18వ శతాబ్దము చివరలో ఇంగెన్‌హౌజ్ కనుగొన్నాడు. తెల్లని సూర్యకాంతి పలు రంగుల కలయిక అని అంతకు ఎంతో ముందే న్యూటన్ చూపాడు. ఆ రంగులలో మొక్కకు పనికివచ్చేది ఏది అనేది తరువాతి ప్రశ్న.

1840లలో అమెరికాలో జాన్ విలియం డ్రేపర్ పట్టకము ద్వారా సూర్యకాంతిని వర్ణపటముగా విడదీసి, కార్బన్ డయాక్సైడు కలిపిన నీటిలో ఆకులుంచిన గాజు గొట్టాలను ఒక్కొక్క రంగులో నిలిపాడు. అన్నిటికంటే ఎక్కువ వాయువు పసుపు ప్రాంతములోని గొట్టములో వెలువడింది. తరువాత జర్మనీలో జూలియస్ సాక్స్ రంగు ద్రావణాల గుండా వచ్చే కాంతితో, ఆయన శిష్యుడు విల్‌హెల్మ్ ఫెఫర్ 1871లో ప్రచురించిన ప్రయోగాలతో ఇదే అభిప్రాయాన్ని బలపరిచారు. మనిషి కంటికి కూడా పసుపు ప్రాంతమే అత్యంత ప్రకాశవంతముగా కనిపిస్తుంది. కనుక కంటికి ఎక్కువ వెలుగుగా తోచేదే మొక్కకూ ఎక్కువ పనిచేస్తుందనే భావన స్థిరపడింది.

ఈ ఫలితములో ఒక పెద్ద చిక్కు ఉన్నది. పత్రహరితము పసుపు కాంతిని స్వల్పంగానే పీల్చుకుంటుంది. అది ప్రధానంగా పీల్చుకునేవి ఎరుపు, నీలి కిరణాలు. పీల్చుకోని కాంతి పని చేయగలదని ఒప్పుకుంటే, పనికి కావలసిన శక్తి ఎక్కడినుండి వచ్చినదో చెప్పలేము. అప్పుడు శక్తి నిత్యత్వ నియమము జీవులకు వర్తించదని భావించవలసి వస్తుంది. జీవులలో భౌతిక నియమాలకు అతీతమైన ప్రాణశక్తి ఏదో ఉన్నదని వాదించే వారికి అది ఆధారము కాగలదు. ఒక రంగుకు సంబంధించిన ఈ చిన్న వివాదాన్ని తిమిర్యాజెవ్ అంత తీవ్రంగా పట్టించుకొనడానికి కారణము ఇదే. లొమ్మెల్ వంటి కొందరు శాస్త్రజ్ఞులు కూడా ఎరుపు కాంతికే ప్రాధాన్యము ఉండాలని అదే కాలములో వాదించారు. కానీ ఆ వాదానికి నమ్మదగిన కొలతల బలము అవసరమయింది.

ఎరుపు కాంతి ప్రయోగాలు

తిమిర్యాజెవ్ 1871లో పత్రహరితపు వర్ణపట విశ్లేషణపై సిద్ధాంత వ్యాసము సమర్పించాడు. 1875లో డాక్టరేట్ కొరకు సమర్పించిన వ్యాసము, మొక్కలు కాంతిని స్వాంగీకరించుకునే విధానమునకు సంబంధించినది. డ్రేపర్ ప్రయోగాన్ని నిశితంగా పరిశీలించి, అందులోని లోపము కాంతి లోనికి వచ్చే చీలిక వెడల్పులో ఉన్నదని ఈయన గుర్తించాడు. చీలిక వెడల్పుగా ఉంటే వర్ణపటములోని రంగులు ఒకదానిపై మరొకటి పడి కలిసిపోతాయి. వర్ణపటము మధ్యలో ఉండే పసుపు ప్రాంతములో ఈ కలయిక హెచ్చుగా ఉండి, ఎరుపు కిరణాలు కూడా అక్కడికి చేరుతాయి. పసుపు గొట్టములో జరిగినట్లు కనిపించిన పనిలో అధిక భాగము నిజానికి ఇతర కిరణాలది.

చీలికను సన్నము చేస్తే రంగులు శుద్ధమవుతాయి, కానీ కాంతి బాగా తగ్గిపోతుంది. ఆకు నుండి వెలువడే వాయువు కూడా కొలవలేనంత స్వల్పమవుతుంది. పూర్వపు పరిశోధకులు వెడల్పు చీలికను వాడడానికి ఈ ఇబ్బంది ఒక కారణము. తిమిర్యాజెవ్ అతి స్వల్ప పరిమాణములోని వాయువును సైతము విశ్లేషించగల సూక్ష్మ పరికరాలను స్వయముగా రూపొందించి ఈ సమస్యను పరిష్కరించాడు. సూర్యుని కదలికను అనుసరించి తిరిగే అద్దము ద్వారా చీకటి గదిలోనికి సూర్యకిరణాలను రప్పించి, సన్నని చీలిక గుండా వర్ణపటాన్ని ఏర్పరచి, ఆకు ముక్కలున్న గొట్టాలను వరుసగా అందులో నిలిపాడు. కార్బన్ డయాక్సైడు అత్యధికంగా విచ్ఛిన్నమయినది ఎరుపు ప్రాంతములో అని తేలింది. సౌర వర్ణపటములో బి, సి అనే అక్షరాలతో గుర్తించే నల్లని గీతల మధ్య పత్రహరితము కాంతిని బలంగా పీల్చుకునే పట్టీ ఉంటుంది. ఆకు పని అత్యధికంగా జరిగిన చోటు సరిగ్గా అదే. ఈ ఫలితాలు 1877లో ఫ్రెంచి శాస్త్ర అకాడమీ పత్రికలో కూడా ప్రచురించబడ్డాయి.

1882లో జర్మన్ శాస్త్రవేత్త థియొడోర్ ఎంగెల్మన్ పూర్తిగా భిన్నమైన పద్ధతిలో దీనిని ధ్రువపరిచాడు. ఆయన సూక్ష్మదర్శిని క్రింద పోగు వంటి శైవలముపై చిన్న వర్ణపటాన్ని ప్రసరింపజేసి, ప్రాణవాయువు కొరకు వెదికే బాక్టీరియాలు ఎక్కడ గుమికూడుతాయో చూసాడు. అవి ఎరుపు ప్రాంతములో అత్యధికంగాను, నీలి ప్రాంతములో మరొక గుంపుగాను చేరాయి.

ఆకుపై వర్ణపట చిత్రము

1890లో తిమిర్యాజెవ్ మరొక ప్రయోగము ప్రచురించాడు. ఇందులో వాయువును కొలిచే అవసరము లేదు, ఆకే తన ఫలితాన్ని తనపై ముద్రించుకుంటుంది. ముందుగా మొక్కను చీకటిలో ఉంచి ఆకులోని పిండిపదార్థము ఖర్చయిపోయేటట్లు చేసాడు. తరువాత మొక్కకు అంటిపెట్టుకొని ఉన్న ఆకుపై సూర్యకాంతి వర్ణపటాన్ని కొన్ని గంటలపాటు నిలకడగా పడనిచ్చాడు. పిదప ఆకులోని పత్రహరితాన్ని ఆల్కహాలుతో తొలగించి, ఆకును అయోడిన్ ద్రావణములో ముంచాడు. పిండిపదార్థము తయారైన చోట్ల మాత్రమే ఆకు నల్లబడింది. ఎరుపు కాంతి పడిన చోట ముదురు పట్టీ ఏర్పడి, పత్రహరితము కాంతిని పీల్చుకునే పట్టీతో అది సరిపోయింది. ఆకును ఆల్కహాలులో ఉడికించి అయోడిన్‌తో పరీక్షించే ప్రయోగము తెలుగునాట పాఠశాల విద్యార్థులకు నేటికీ పరిచితమే.

ఫొటోగ్రఫీ పలకలకు కొన్ని రంగు పదార్థాలను చేర్చితే, అంతకుముందు వాటిపై పనిచేయని కిరణాలు కూడా పనిచేస్తాయని 1870లలో కనుగొనబడింది. పత్రహరితము మొక్కలో ఇటువంటి పాత్రనే నిర్వహిస్తుందని, అనగా అది ఎరుపు కాంతిని గ్రహించి రసాయన చర్యకు అందించే మధ్యవర్తి అని తిమిర్యాజెవ్ వివరించాడు. కాంతి తీవ్రత పెరిగినకొద్దీ ఆకు పని కొంత మేరకే పెరిగి, తరువాత నిలిచిపోతుందని కూడా ఈయన 1889లో చూపాడు.

అధ్యాపకునిగా

1870 నుండి మాస్కో సమీపములోని పెట్రోవ్‌స్కయా వ్యవసాయ, అటవీ అకాడమీలోను, 1870ల చివరి నుండి మాస్కో విశ్వవిద్యాలయములోను బోధించాడు. 1872లో అకాడమీ ఆవరణలో కుండీలలో మొక్కలను పెంచి పోషణను పరీక్షించే గాజుగృహాన్ని నిర్మింపజేసాడు. 1896లో నీజ్నీ నొవ్‌గొరొద్ నగరములో జరిగిన అఖిల రష్యా ప్రదర్శనలో ఇటువంటి గృహమునే ప్రజల ఎదుట ప్రదర్శించాడు.

విజ్ఞానము సామాన్యునికి అందవలెనని ఈయన దృఢంగా నమ్మాడు. మాస్కోలో ఇచ్చిన బహిరంగ ఉపన్యాసాలు 1878లో "మొక్క జీవితము" అనే పుస్తకముగా వెలువడి ఎన్నో ముద్రణలు పొందాయి. 1891లో రష్యాను పెద్ద కరవు పీడించగా, మరుసటి సంవత్సరము మొక్కలు అనావృష్టిని ఎదుర్కొనే విధానమును గూర్చి బహిరంగ ఉపన్యాసము ఇచ్చాడు.

1877లో ఇంగ్లాండు వెళ్ళినపుడు డౌన్ గ్రామములో ఛార్లెస్ డార్విన్‌ను కలుసుకున్నాడు. 1880లలో దనిలేవ్‌స్కీ, స్త్రాఖొవ్ డార్విన్ సిద్ధాంతముపై దాడి చేసినపుడు దానిని సమర్థిస్తూ తీవ్రంగా వాదించాడు. "జాతుల ఉత్పత్తి" గ్రంథాన్ని రష్యన్ భాషలోనికి అనువదించాడు.

ప్రభుత్వముతో విభేదాలు

ఈయన రాజకీయ అభిప్రాయాలు ప్రభుత్వానికి ఎన్నడూ నచ్చలేదు. పెట్రోవ్‌స్కయా అకాడమీ విద్యార్థి అలజడులకు నిలయమని భావించి ప్రభుత్వము దానిని మూసివేయడానికి పూనుకొన్నది. ఆ సందర్భములో 1892లో తిమిర్యాజెవ్ అక్కడి ఉద్యోగాన్ని కోల్పోయాడు. 1894లో అది మాస్కో వ్యవసాయ విద్యాసంస్థ అనే పేరుతో పునర్వ్యవస్థీకరించబడినా ఈయనకు అందులో స్థానము లభించలేదు. 1890లో సెయింట్ పీటర్స్‌బర్గ్ శాస్త్ర అకాడమీ అనుబంధ సభ్యత్వము ఇచ్చింది గాని పూర్తి సభ్యత్వము ఎన్నడూ రాలేదు.

స్వదేశములో పరిస్థితి ఇలా ఉండగా విదేశాలలో ఈయనకు ఎనలేని గౌరవము దక్కింది. గ్లాస్గో (1901), కేంబ్రిడ్జి (1909), జెనీవా (1909) విశ్వవిద్యాలయాలు గౌరవ డాక్టరేట్లు ప్రదానము చేసాయి. 1911లో లండన్ రాయల్ సొసైటీ విదేశీ సభ్యునిగా ఎన్నుకొన్నది. అంతకు ముందే 1903 ఏప్రిల్ 30న ఆ సంస్థ ఆహ్వానముపై ప్రతిష్ఠాత్మకమైన క్రూనియన్ ఉపన్యాసము ఇచ్చాడు. గలివర్ యాత్రలలో దోసకాయల నుండి సూర్యకిరణాలను బయటకు తీయడానికి ఏళ్ళ తరబడి శ్రమించే ఒక వింత పండితుని పాత్ర ఉన్నది. తిమిర్యాజెవ్ తనను ఆ పండితునితో పోల్చుకొని సభికులను నవ్విస్తూ ఉపన్యాసము ప్రారంభించాడు. ఆకుపచ్చని మొక్క సూర్యుని శక్తిని పట్టి భూమిపై నిలువచేసి జీవులన్నిటికీ అందిస్తుందని, అదే విశ్వములో దాని పాత్ర అని అందులో వివరించాడు. సుమారు 35 సంవత్సరాల పరిశోధనకు ఆ ఉపన్యాసము సారాంశము.

1909లో పక్షవాతము సోకి శరీరము ఒక ప్రక్క చచ్చుబడింది. ఆ స్థితిలోనే 1911లో, విశ్వవిద్యాలయ స్వయంప్రతిపత్తిపై విద్యామంత్రి కాస్సో చర్యలకు నిరసనగా వందమందికి పైగా అధ్యాపకులు మాస్కో విశ్వవిద్యాలయాన్ని విడిచినపుడు, తిమిర్యాజెవ్ కూడా వారితో పాటు రాజీనామా చేసాడు.

చివరి రోజులు

1917 విప్లవాన్ని తిమిర్యాజెవ్ స్వాగతించాడు. అదే సంవత్సరము విశ్వవిద్యాలయములో ఈయన పదవి పునరుద్ధరించబడినా అనారోగ్యము వలన బోధించలేకపోయాడు. 1920లో తన వ్యాస సంపుటి "విజ్ఞానము, ప్రజాస్వామ్యము" ప్రతిని లెనిన్‌కు పంపగా, ఏప్రిల్ 27న లెనిన్ అభినందిస్తూ లేఖ వ్రాసాడు. ఆ మరునాడే తిమిర్యాజెవ్ మాస్కోలో మరణించాడు. వగాన్‌కొవో శ్మశానవాటికలో ఈయన సమాధి ఉన్నది. కుమారుడు అర్కాది తిమిర్యాజెవ్ (1880 - 1955) భౌతిక శాస్త్రవేత్త.

తరువాతి పరిశోధనల వెలుగులో

ఎరుపు కాంతి ప్రాధాన్యమును గూర్చిన ఈయన ఫలితము నిలిచింది గాని, దానికి ఈయన చెప్పిన కారణము నిలువలేదు. ఎరుపు కిరణాలలో శక్తి హెచ్చుగా ఉండడమే ఇందుకు కారణమని తిమిర్యాజెవ్ భావించాడు. కాంతి చిన్న చిన్న శక్తి కణాలుగా పనిచేస్తుందని 1905లో ఐన్‌స్టీన్ ప్రతిపాదించిన తరువాత దృక్పథము మారింది. రసాయన చర్యలో లెక్కకు వచ్చేది ఎన్ని ఫోటాన్లను ఆకు పీల్చుకున్నది అనే విషయము. 450 నానోమీటర్ల నీలి ఫోటానులో 680 నానోమీటర్ల ఎరుపు ఫోటాను కంటే సుమారు ఒకటిన్నర రెట్లు శక్తి ఉంటుంది. కానీ ఆ అదనపు శక్తి వేడిగా మారిపోవడము వలన, నీలి ఫోటాను ఎరుపు ఫోటాను కంటే ఎక్కువ పని చేయదు.

ఆకుపచ్చ, పసుపు కిరణాలు పూర్తిగా వ్యర్థము కావని కూడా తరువాత తెలిసింది. ఆకు వాటిలో కొంత భాగాన్ని పీల్చుకుంటుంది. అవి ఆకు లోపలి పొరల వరకు చొచ్చుకొనిపోయి అక్కడ ఉపయోగపడతాయి.

ఆహారము తయారుకావడము వేరు, మొక్క రూపము దిద్దుకోవడము వేరు అని 20వ శతాబ్దపు పరిశోధనలు స్పష్టము చేసాయి. 1952లో అమెరికాలో బోర్త్‌విక్, హెండ్రిక్స్ తమ సహచరులతో కలిసి, ఎరుపు కాంతి లెట్యూస్ విత్తనాలను మొలకెత్తిస్తుందని, వెనువెంటనే దూర ఎరుపు కాంతి పడితే ఆ ప్రభావము రద్దవుతుందని చూపారు. దీనికి కారణమైన ఫైటోక్రోమ్ అనే పదార్థము సుమారు 660, 730 నానోమీటర్ల కాంతికి స్పందిస్తుంది. పెద్ద చెట్ల నీడలో దూర ఎరుపు పాలు హెచ్చుగా ఉంటుంది కనుక, నీడలో ఉన్న ఎన్నో జాతుల మొక్కలు సన్నగా పొడవుగా సాగుతాయి. నీలి కాంతి కాండము మితిమీరి సాగకుండా అదుపు చేస్తుంది, పత్రరంధ్రాలు తెరుచుకొనేటట్లు చేస్తుంది, మొక్కను వెలుతురు వైపు వంచుతుంది. కేవలము ఎరుపు కాంతిలో పెంచిన మొక్కలు చాలావరకు ఆహారము తయారుచేసుకొనినా ఆకృతి సరిగా ఉండదు. ఎల్.ఇ.డి. దీపాలతో మొక్కలను పెంచే గృహాలలో ఎరుపుతో పాటు నీలి దీపాలు అమర్చడానికి, ఆ కాంతి ఊదా గులాబి వర్ణములో కనిపించడానికి ఇదే కారణము.

విమర్శలు

తిమిర్యాజెవ్ వాదనలో పరుషంగా ఉండేవాడు. 20వ శతాబ్దపు ఆరంభములో మెండెల్ సూత్రాలను డార్విన్ సిద్ధాంతానికి ప్రత్యామ్నాయముగా చూపిన వారిని తీవ్రంగా ఖండించాడు. ఈయన మరణించిన తరువాత లైసెంకో, అతని అనుచరులు జన్యుశాస్త్రాన్ని అణచివేయడానికి తిమిర్యాజెవ్ పేరును వాడుకున్నారు. ఆ ఉద్యమముతో తిమిర్యాజెవ్‌కు ప్రత్యక్ష సంబంధము ఏమీ లేదు.

స్మారకాలు

* తిమిర్యాజెవ్‌ను తొలగించిన అకాడమీకే 1923లో ఆయన పేరు పెట్టారు.
* మాస్కోలోని నికీత్‌స్కీ ద్వారము వద్ద 1923లో శిల్పి మెర్కురొవ్ రూపొందించిన విగ్రహము ప్రతిష్ఠించబడింది. 1941లో బాంబు దాడిలో అది దెబ్బతినగా మరల నిలబెట్టారు.
* మాస్కోలోని మొక్కల శరీరధర్మ శాస్త్ర సంస్థకు, జీవశాస్త్ర ప్రదర్శనశాలకు ఈయన పేరు ఉన్నది.
* 1930లలో వచ్చిన "బాల్టిక్ ప్రతినిధి" అనే సోవియట్ చలనచిత్రములోని వృద్ధ ఆచార్యుని పాత్రకు ఈయన జీవితము ఆధారము.
* చంద్రునిపై ఒక బిలానికి తిమిర్యాజెవ్ అని నామకరణము చేసారు.